మెంటర్ డ్యూటీ పడిందా? పోర్టల్ కంటే ముందు ఫోన్ నంబర్లు చూసుకోండి

ఈ ఏడాది మీకు కొత్తగా మెంటర్ డ్యూటీ, అంటే కొంతమంది విద్యార్థుల చదువూ బాగోగులూ చూసుకునే పని, పడి ఉంటే చేతికి వచ్చేవి సాధారణంగా ఇవే: 20 మంది పేర్లున్న కాగితం, హాజరు వివరాలు కనిపించే కాలేజీ పోర్టల్ లాగిన్, "వాట్సాప్ గ్రూపు పెట్టేయండి" అని హెచ్‌వోడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారి మాట. ఏ పిల్లాడికి ఎప్పుడు ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో ఎవరూ నేర్పరు. నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ 11 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. అటెండెన్స్ రిజిస్టర్‌లో చేత్తో లెక్క కట్టిన రోజులు చూశాను, పొద్దున్న పది గంటలకల్లా ఎవరు రాలేదో ఫోన్‌లో కనిపించే రోజులూ చూస్తున్నాను. సంగతి తొందరగా తెలుస్తోంది, అది నిజంగా మేలు. కానీ తెలిశాక ఆ పిల్లాడిని పిలిచి మాట్లాడాల్సింది మనమే, ఆ మాట ఆలస్యమైతే పోర్టల్ ఎంత ముందు చెప్పినా ఏం లాభం లేదు. నాకు ఈ విషయం పిల్లలు నష్టపోయాక అర్థమైంది. మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

మొదటి వారం: నంబర్లు

మొదటి వారంలో ఇంకే పనీ పెట్టుకోకండి. పోర్టల్‌లో ఉన్న తల్లిదండ్రుల నంబర్లు 20కీ మీరే స్వయంగా ఫోన్ చేయండి.

ఎందుకంటే ఆ నంబర్లు అక్కడికి ఎలా వచ్చాయో చూడండి. మనం ఇంకా ఎంసెట్ అనే పిలుస్తున్న ఆ కౌన్సెలింగ్ సమయంలో చాలామంది ఊళ్లో నెట్ సెంటర్‌కి వెళ్లి దరఖాస్తు నింపిస్తారు. అడుగడుగునా ఓటీపీ కావాలి కాబట్టి సెంటర్ అతను పని తొందరగా అవుతుందని తన నంబరే ఇచ్చేస్తాడు. అదే నంబరు కాలేజీ పోర్టల్‌లోకి "ఫాదర్ మొబైల్" అని ఎక్కుతుంది. కొన్నిసార్లు పిల్లాడు తన రెండో సిమ్ నంబరే నాన్న నంబరని రాసేస్తాడు.

నా మెంటీ (నాకు అప్పగించిన విద్యార్థి) ఒకమ్మాయికి డెంగ్యూ వచ్చి ఇంటికెళ్లింది. రెండు వారాలకి జ్వరం తగ్గింది, డాక్టరు కాలేజీకి వెళ్లొచ్చన్నాడు, నీరసంగా ఉందని అమ్మానాన్నా ఇంకో వారం ఉంచేసుకున్నారు. ఆ మూడు వారాలూ క్లాసుకి రాలేదని పోర్టల్‌లోని నంబరుకి రోజుకో ఎస్సెమ్మెస్ వెళ్లింది, అన్నిటి పక్కనా "డెలివర్డ్" అని ఉంది. అవన్నీ చేరింది ఊళ్లో నెట్ సెంటర్ అతనికి. సెమిస్టర్ చివర ఆ అమ్మాయి 63 శాతం దగ్గర ఆగింది. జేఎన్టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్టీయూ) నియమాల్లో 75 ఉండాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే మెడికల్ కాగితాలు పెట్టి కండోనేషన్ (తగ్గిన హాజరుకి మన్నింపు) అడగొచ్చు, 65 లోపు పడితే డీటైనే, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. రెండు రోజులు ముందు వచ్చి క్లాసులో కూర్చున్నా ఆ అమ్మాయి గట్టెక్కేది. "డెలివర్డ్" అన్న మాట చూసి ఇంట్లో వాళ్లకి తెలుసనుకున్నాను, ఒక్క ఫోన్ చేయలేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఫోన్ చేసినప్పుడు ముందు "మీరు ఫలానా అమ్మాయికి ఏమవుతారండీ?" అని అడగండి. తర్వాత ఏ సమయంలో చేస్తే దొరుకుతారు, స్మార్ట్‌ఫోనా కీప్యాడ్ ఫోనా, తెలుగులో మెసేజ్ పెడితే ఇంట్లో ఎవరు చదువుతారు, ఇవి కనుక్కుని రాసుకోండి. "మీ అబ్బాయి మీద కంప్లయింటు ఏమీ లేదండీ, పరిచయం చేసుకుందామని చేశాను" అని మొదటి మాటే చెప్పేయండి. కాలేజీ నుంచి ఫోనంటే ఏదో అయిందనే భయపడతారు. ఈ ఒక్క ఫోన్ మంచిగా సాగితే తర్వాత నాలుగేళ్లూ మాట్లాడటం సులువవుతుంది. పొలం పనులకి, కూలికి వెళ్లేవాళ్లకి సాయంత్రం ఏడు దాటాక చేయండి.

జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ వైపు పిల్లలైతే చాలామందికి నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. దుబాయ్‌లో ఉన్నవాళ్లకి వాట్సాప్ కాల్ కలవదు, అక్కడ ఆ కాల్స్ మీద ఆంక్షలున్నాయి. వాయిస్ మెసేజ్ మాత్రం వెళ్తుంది. నిమిషం నిడివిలో తెలుగులో మాట్లాడి పంపండి, డ్యూటీ దిగాక విని జవాబిస్తారు. నా అనుభవంలో ఇంట్లో ఉన్న నాన్నల కంటే వాళ్లే ఎక్కువ ఓపిగ్గా వింటారు.

కాలేజీ నుంచి వెళ్లే ఎస్సెమ్మెస్ ఇంగ్లీషులో ఉంటుంది, దాన్ని మీరు మార్చలేరు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల వల్ల ఆ టెంప్లేట్ (మెసేజ్ నమూనా) ముందే నమోదై ఉండాలి. తెలుగు టెంప్లేట్ కూడా నమోదు చేయించుకోవచ్చు గానీ ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 దగ్గరే ఆగిపోతుంది, ఖర్చు పెరుగుతుందని కాలేజీలు వద్దంటాయి. అయినా మీటింగ్ జరిగినప్పుడల్లా అడగండి. అడిగేవాళ్లు లేకే అది అలా ఉండిపోయింది.

పోర్టల్‌లో ఎర్రరంగు కనిపించిందని వెంటనే ఇంటికి ఫోన్ చేయకండి

ఇంకో ఏడాది, రెండో సంవత్సరం అబ్బాయి ఒకడికి పోర్టల్‌లో హాజరు తక్కువని ఎర్రరంగులో 58 శాతం కనిపించింది. నేను ఆలోచించకుండా వాళ్ల నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన లారీ డ్రైవరు, ఎక్కడో రోడ్డు మీద ఉన్నాడు. ఆ రాత్రే కొడుకుని ఫోన్‌లో నానా మాటలూ అని, చదువు మాన్పించేస్తానన్నాడట. మర్నాడు ఆ అబ్బాయి కళ్లు వాచిపోయి వచ్చి, "మేడమ్, నేను రోజూ వస్తున్నాను మేడమ్" అన్నాడు. కూర్చుని కాగితం రిజిస్టర్లు తీసి చూస్తే అసలు హాజరు 79. సెమిస్టర్ మొదలైన రెండో వారంలో వాడిని సెక్షన్ మార్చారు, ల్యాబ్ బ్యాచ్ మాత్రం పోర్టల్‌లో పాత సెక్షన్‌లోనే ఉండిపోయింది. నేను వాడికీ వాళ్ల నాన్నగారికీ క్షమాపణ చెప్పాను. అయినా ఫైనల్ ఇయర్ దాకా ఆ అబ్బాయి తనంతట తాను వచ్చి నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

కాబట్టి ఇంటికి ఫోన్ చేసే ముందు ఇవి చూడండి. ఏ తేదీ దాకా హాజరు ఎక్కించారు? కొందరు లెక్చరర్లు వారానికోసారి ఎక్కిస్తారు, మధ్యలో చూస్తే అంకెలు తప్పే ఉంటాయి. పిల్లాడు సెక్షన్ గానీ ఎలక్టివ్ గానీ మారాడా? ఎన్‌సీసీ, ఆటలు, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లకి వెళ్లిన రోజుల ఓడీ (ఆన్ డ్యూటీ హాజరు) ఎక్కిందా? ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరిన పిల్లలైతే ఇంకో చిక్కు ఉంది. వాళ్లకి మొదటి సంవత్సరం ఉండదు, కొన్ని పోర్టళ్లు ఆ క్రెడిట్లన్నీ (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) బాకీ అన్నట్టు చూపిస్తాయి. డిప్లొమా నుంచి వచ్చిన పిల్లలు అసలే బెరుగ్గా ఉంటారు, అది చూసి ఎంత టెన్షన్ పడతారో చెప్పలేను. చేరిన వారంలోనే పిలిచి, "ఆ ఖాళీ మీ అందరికీ ఉంటుంది, నీ తప్పేం కాదు" అని చెప్పేయండి.

అన్నీ చూశాక ముందు పిల్లాడితో మాట్లాడండి, తర్వాతే ఇంటికి. మాట్లాడేటప్పుడు శాతం చెప్పకండి, రోజుల్లో చెప్పండి. లెక్క చాలా తేలిక. ఇప్పటిదాకా జరిగిన మొత్తం క్లాసుల్ని 3తో, హాజరైన క్లాసుల్ని 4తో గుణించి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. 75 శాతం చేరాలంటే ఇక ఒక్కటీ మానకుండా ఎన్ని క్లాసులకి రావాలో వచ్చేస్తుంది. 240 క్లాసుల్లో 168కి వచ్చాడనుకోండి, అది 70 శాతం. 720లోంచి 672 తీసేస్తే 48. రోజుకి 6 పీరియడ్లయితే 8 రోజులు. "నీది 70 శాతం, జాగ్రత్త" అంటే తలూపి వెళ్లిపోతాడు. "ఇవాళ్టి నుంచి 8 పనిరోజులు వరుసగా వస్తే నీకు భయం లేదు, వస్తావా?" అంటే వేళ్లమీద లెక్కేసుకుంటాడు. అప్పుడే "అక్క పెళ్లి ఉంది మేడమ్, నాలుగు రోజులు" అని అసలు సంగతి చెబుతాడు, దానికి తగ్గట్టు ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ఆలోచించవచ్చు. ఇంకెన్ని క్లాసులు మానొచ్చో లెక్కేసి చెప్పే యాప్‌లు పిల్లల ఫోన్లలో ఇప్పటికే ఉన్నాయి, ఎన్నిటికి రావాలో చెప్పే లెక్క మన నోటి నుంచి రావాలి.

వాట్సాప్ గ్రూపు

గ్రూపు ఉండాలి, తప్పదు. కానీ అందులో ఏం రాయకూడదో ముందే నిర్ణయించుకోండి. మార్కులు, హాజరు, ఫీజు బాకీ, బ్యాక్‌లాగ్‌ల జాబితా, ఎవరి పేరూ నంబరూ ఉన్న ఏ స్క్రీన్‌షాట్ అయినా సరే, గ్రూపులో పెట్టకూడదు. "కింది వాళ్లు వెంటనే నన్ను కలవండి" అని రోల్ నంబర్లు పెట్టడం కూడా అంతే. ఆ ఐదు నంబర్లు ఎందుకు పెట్టారో మిగతా 15 మందికీ క్షణంలో అర్థమైపోతుంది. విడిగా పెట్టండి, లేదా క్లాసు అయ్యాక పిలవండి. తేదీలు, ఫీజు గడువులు, గది మార్పులు, సర్క్యులర్‌ల లాంటి అందరికీ ఒకటే అయిన సమాచారానికే గ్రూపు వాడండి. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చుకుంటే గుడ్‌మార్నింగ్ బొమ్మల కింద ఫీజు గడువు కొట్టుకుపోకుండా ఉంటుంది.

సర్క్యులర్ పీడీఎఫ్ అలాగే పంపేసి ఊరుకోకండి. కింద తెలుగులో రెండు లైన్లు రాయండి: ఎవరికి, ఎప్పటిలోగా, ఎక్కడ. రెండు పేజీల ఇంగ్లీషు పీడీఎఫ్ తెరిచేవాళ్లు గ్రూపులో నలుగురైదుగురు ఉంటారు, వాళ్లు ఎలాగూ మీ అవసరం లేని పిల్లలు. మొబైల్ డేటా అయిపోయి మూడు రోజులు గ్రూపు చూడనివాళ్లు కూడా ఉంటారు. అందుకని ఫీజు, పరీక్షల గడువు లాంటివి సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) చేత క్లాసులో చదివించండి, నోటీసు బోర్డు మీద కూడా కాగితం అంటించండి. పాత పద్ధతే, కానీ రీచార్జ్ లేనివాళ్లకి కూడా చేరుతుంది.

బ్లూ టిక్ వచ్చిందంటే చూశాడని మాత్రమే. జవాబు రాకపోతే కోపం తెచ్చుకోకండి. ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియక, తప్పు రాస్తే మేడమ్ ఏమనుకుంటారో అని ఆగిపోయే పిల్లలు చాలామంది. "తెలుగులో అయినా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు అయినా, వాయిస్ అయినా పర్వాలేదు" అని మొదటి రోజే చెప్పండి. నేను అలా చెప్పిన ఏడాది నుంచి రాత్రిపూట వచ్చే వాయిస్ మెసేజ్‌లు పెరిగాయి. వాటిలో నాకు క్లాసులో ఎప్పుడూ వినిపించని గొంతులు వినిపించాయి. ఆ మెసేజ్‌లన్నిటికీ ఆ రాత్రే జవాబివ్వక్కర్లేదు, "విన్నాను, రేపు లంచ్‌లో రా" అన్నా చాలు.

షీటు ఎవరెవరికి కనిపిస్తోంది?

మనలో చాలామంది గూగుల్ షీటులో పిల్లల వివరాలన్నీ పెట్టుకుంటాం. పేరు, కులం కేటగిరీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తోందా లేదా, నాన్న లేడా, ఇంట్లో జబ్బులు, అన్నీ. తర్వాత పిల్లలు తమ నంబర్లు నింపాలని అదే షీటు లింకు గ్రూపులో పెట్టేస్తాం, "లింకు ఉన్న ఎవరైనా" చూసేలా. ఇది నేను చాలాచోట్ల చూశాను, చూసిన ప్రతిసారీ గుండె గుభేల్‌మంటుంది. పిల్లలు నింపడానికి గూగుల్ ఫారం పెట్టండి, అందులో ఒకరు రాసింది ఇంకొకరికి కనిపించదు. మీ షీటు మీ దగ్గరే ఉండాలి, షేరింగ్ "రిస్ట్రిక్టెడ్"లో ఉండాలి. ఇంటి సంగతులు షీటులోకే ఎక్కించకండి, మీ చేతి డైరీలో రాసుకోండి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లని పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. మన మొదటి ఏడాది పిల్లల్లో చాలామందికి ఇంకా 17. కాలేజీ ఏం చేస్తుందో కాలేజీ చూసుకుంటుంది, మన చేతిలో ఉన్న షీటుకి మాత్రం మనదే బాధ్యత.

పోర్టల్ పాస్‌వర్డ్ గురించి కూడా ఒక మాట. చాలాచోట్ల మొదటి పాస్‌వర్డ్ రోల్ నంబరో పుట్టిన తేదీయో ఉంటుంది, పిల్లలు నాలుగేళ్లూ మార్చరు. రూమ్మేట్ లాగిన్ అయి ఎలక్టివ్ మార్చేసిన గొడవ నేను స్వయంగా తీర్చాల్సి వచ్చింది. మొదటి మీటింగ్‌లో అందరి చేతా అక్కడికక్కడే మార్పించండి, ఐదు నిమిషాల పని.

"చాట్‌జీపీటీ ఇలా చెప్పింది మేడమ్"

ఇప్పుడు పిల్లలు మన దగ్గరికి రాకముందే చాట్‌బాట్‌ని అడిగేస్తున్నారు. తిట్టకండి. రాత్రి ఒంటిగంటకి భయం వేస్తే అది అందుబాటులో ఉంది, మనం లేం. కానీ అది ఎక్కడ తప్పుతుందో వాళ్లకి చూపించాలి.

రెగ్యులేషన్ (ఒక బ్యాచ్‌కి వర్తించే మార్కులు, పరీక్షల నియమావళి) విషయంలో అది తరచూ గందరగోళపడుతుంది. జేఎన్టీయూహెచ్‌లోనే ఆర్18లో ఇంటర్నల్ 25, ఎక్స్‌టర్నల్ 75. 2022లో చేరినవాళ్లకి వచ్చిన ఆర్22లో ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60. జేఎన్టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయాక ఒక్కోదానికి ఒక్కో రెగ్యులేషన్ వరస ఉంది. వీటి మీద అటానమస్ కాలేజీల సొంత నియమాలు, వాటికీ ఇలాంటి పేర్లే. చాట్‌బాట్ ఒకచోటి పాస్ మార్కు, ఇంకోచోటి ప్రమోషన్ నియమం కలిపేసి ఎంతో ధీమాగా చెబుతుంది. పిల్లాడు అది నమ్మి సప్లీ (సప్లిమెంటరీ పరీక్ష) ఫీజు కట్టకుండా ఉండిపోతే ఏం చేస్తాం?

అందుకని ప్రతి మెంటీ ఫోన్‌లోనూ వాడి బ్యాచ్ రెగ్యులేషన్ పీడీఎఫ్ ఉండేలా చూడండి. హాజరు, ప్రమోషన్‌కి కావాల్సిన క్రెడిట్లు, పాస్ మార్కులు ఉన్న పేజీలు మీరే పక్కన కూర్చుని చూపించి, నంబర్లు రాసుకోమనండి. ఇంగ్లీషు కష్టంగా ఉన్న పిల్లలకి ఆ మూడు నియమాలు తెలుగులో చెప్పి, వాళ్ల మాటల్లో మళ్లీ మీకు చెప్పమనండి. తిరిగి చెప్పినప్పుడే ఎక్కడ తప్పుగా అర్థం చేసుకున్నాడో బయటపడుతుంది.

డీటైన్ అయి కింది బ్యాచ్‌తో చేరిన పిల్లల విషయంలో చాలా జాగ్రత్త. బ్యాచ్ మారితే రెగ్యులేషన్ కూడా మారొచ్చు, అప్పటికే పాసైన సబ్జెక్టులకీ కొత్త సిలబస్‌కీ పొంతన చూసి ఏవి మళ్లీ చదవాలో తేల్చాలి. ఇది ఏ పోర్టలూ, ఏ చాట్‌బాట్ సరిగ్గా చెప్పలేదు. ఎగ్జామ్ బ్రాంచికి మీరు కూడా పిల్లాడితో పాటు వెళ్లండి, చెప్పింది కాగితం మీద రాయించుకోండి. ఒంటరిగా పంపితే కిటికీ దగ్గర ఒక్క మాట విని వెనక్కి వచ్చేస్తాడు.

మీరూ చాట్‌బాట్ వాడుకోవచ్చు. పది రకాల మెసేజ్‌లకి ముసాయిదా రాయించుకోవడానికి పనికొస్తుంది. పేరు, రోల్ నంబరు, ఇంటి సంగతులు అందులో వేయకండి. అది రాసిన తెలుగు ఒకసారి పైకి చదవండి, "మీ కుమారుని యొక్క హాజరు న్యూనత" లాంటివి ఉంటే తీసేసి "మీ అబ్బాయి ఈ నెల్లో తొమ్మిది రోజులు రాలేదండీ" అని మీ మాటల్లో రాయండి.

ఏబీసీ ఐడీ, ఎన్‌పీటెల్

2021లో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ, క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా) కోసం పిల్లలందరికీ 12 అంకెల ఐడీ కావాలి, ఇప్పుడు అపార్ అని కూడా అంటున్నారు. డిజిలాకర్‌లో చేసుకోవాలి, ఆధార్‌కి కలిపిన నంబరుకి ఓటీపీ వస్తుంది. ఆ నంబరు ఎప్పుడో పోయిన అమ్మ పాత సిమ్ అయి ఉంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, లేదా అటుది ఇటు. ఈ రెండు చిక్కులూ సరిచేయడానికి ఆధార్ సెంటర్‌కి వెళ్లాల్సి రావచ్చు, రోజులు పడుతుంది. గడువు వారంలో ఉందనగా చెబితే కుదరదు. మొదటి సెమిస్టర్‌లోనే 20 మందీ చేసుకున్నారా చూసేయండి.

ఎన్‌పీటెల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ చదువు) కోర్సులు జనవరిలో, జూలైలో మొదలవుతాయి. చేరడం ఉచితం, పరీక్షకి మాత్రం విడిగా నమోదు చేసుకుని ఫీజు కట్టాలి. పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కోర్సులో చేరాం కదా అనుకుని పరీక్ష నమోదు మర్చిపోతారు, 12 వారాల శ్రమ పోతుంది. సర్టిఫికెట్‌కి అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 విడివిడిగా రావాలి. క్రెడిట్ల కోసమో, మైనర్, ఆనర్స్ కోసమో చేస్తుంటే ఆ కోర్సుని మీ కాలేజీ ఒప్పుకుంటుందా అన్నది చేరకముందే బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ నిర్ణయించే కమిటీ) వాళ్లని అడిగి రాతలో తీసుకోండి. యూజీసీ ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా స్వయం (ఎన్‌పీటెల్ కూడా ఉన్న కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక) కోర్సులకి వీలిచ్చింది గానీ ఏ కోర్సు, ఎంత అన్నది యూనివర్సిటీ, కాలేజీ నిర్ణయం.

మాట్లాడటం

ఇన్ని చెప్పాక అసలు పని దగ్గరికి వస్తున్నాను. నెలకి ఒకసారి ఒక్కొక్కరితో పది నిమిషాలు ఎదురెదురుగా కూర్చోండి. 20 మందికి 200 నిమిషాలు, వారానికి ఐదుగురు చొప్పున ఒక లంచ్ పీరియడ్. ల్యాప్‌టాప్ మూసేయండి. స్క్రీన్ చూస్తూ అడిగితే పిల్లాడు ప్రశ్నకి జవాబు చెప్పి ఊరుకుంటాడు. పోర్టల్‌లో చూడాల్సింది వాడు రాకముందే చూసి, చిన్న కాగితం మీద రెండు ముక్కలు రాసుకోండి.

సెలవుల్లో ఆన్‌లైన్‌లో మాట్లాడాల్సి వస్తే వీడియో పట్టుబట్టకండి. ఇంట్లో ఒకటే గది, పక్కన తమ్ముడు, వెనక టీవీ. ముఖ్యంగా ఆడపిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు ఏదీ నోరువిప్పి చెప్పలేరు. "ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా? అవును, కాదు అని చెప్పు చాలు" అని ముందు అడగండి. కాదంటే "డాబా మీదకి వెళ్లినప్పుడు నువ్వే మిస్డ్ కాల్ ఇవ్వు" అనండి. అలా మిస్డ్ కాల్ ఇచ్చిన ఒకమ్మాయి పెళ్లి కుదిర్చేశారని, చదువు ఆపేస్తారని చెప్పింది. హాజరు 91 శాతం ఉన్న అమ్మాయి, పోర్టల్‌లో అంతా పచ్చగానే ఉంది. వాళ్ల అమ్మతో మూడుసార్లు మాట్లాడాక డిగ్రీ చేతికి వచ్చేదాకా ఆగుదామన్నారు. అందుకే ఎర్రరంగు ఉన్నవాళ్లతోనే మాట్లాడి, మార్కులు బాగున్నవాళ్లని వదిలేయకండి.

ఎవరైనా చచ్చిపోవాలనిపిస్తోందని, బతకాలని లేదని వాట్సాప్‌లో రాస్తే మెసేజ్‌తో జవాబివ్వకండి, వెంటనే ఫోన్ చేయండి. ఎత్తకపోతే హాస్టల్ వార్డెన్‌కి, రూమ్మేట్‌కి, ఇంటికి చేయండి. ఒంటరిగా వదలొద్దని చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు గ్రూపు డిస్క్రిప్షన్‌లో మొదటి రోజే పెట్టేయండి. ఫలితాలు వచ్చే రోజు మీరు కూడా ఫోన్ దగ్గరే ఉండండి. హాల్‌టికెట్ నంబరు కొడితే ఎవరికైనా ఫలితం తెరుచుకునే చోట, పిల్లాడి కంటే ముందు బాబాయి చూసి ఇంట్లో చెప్పేసి ఉంటాడు.

రాసిపెట్టడం

మెంటరింగ్ పుస్తకం, కాలేజీల నాణ్యత చూసే న్యాక్ వాళ్లు వస్తున్నారని ముందు వారం కూర్చుని ఒకే పెన్నుతో నింపొద్దు. మాట్లాడిన రోజే తేదీ వేసి రెండు లైన్లు రాయండి: పిల్లాడు ఏమన్నాడు, మీరిద్దరూ ఏం అనుకున్నారు, మళ్లీ ఎప్పుడు. "కౌన్సెల్డ్" అని ఒక్క ముక్క రాస్తే వచ్చే ఏడాది ఈ పిల్లాడు ఇంకో మెంటర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయనకి ఏమీ తెలియదు, పిల్లాడు తన కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. పోర్టల్‌లో రాసేది ఎవరెవరు చూడగలరో కనుక్కోండి, ఇంటి గుట్టు ఉన్న మాటైతే అందులో "వ్యక్తిగతం, మాట్లాడాను, మళ్లీ 14వ తేదీన" అని మాత్రం రాయండి.

సెమిస్టర్ అయిపోయి పిల్లలు ఊళ్లకి వెళ్లే ముందు మళ్లీ ఒకసారి 20 మంది ఇంటి నంబర్లకీ ఫోన్ చేసి చూడండి. రీచార్జ్ ఆఫర్ కోసం సిమ్ మార్చినవాళ్లు, దుబాయ్ నుంచి తిరిగి వచ్చిన నాన్నలు, ఊరు మారిన ఇళ్లు, ప్రతి ఆరు నెలలకీ ఇద్దరో ముగ్గురో తేలతారు. పోర్టల్‌లో పాత నంబరు తీయించి కొత్తది ఎక్కించి, మర్నాడు ఒక టెస్ట్ మెసేజ్ పంపించి, "వచ్చిందాండీ?" అని ఫోన్ చేసి అడగండి.